ఎముకల బంక ఉన్నదా?

హాలియాలో మందుల దుకాణం నడిపే అండాలమ్మకు ఒకే ఒక్క పిచ్చి. కంటబడ్డ ప్రతిదాని గురించీ "ఇందుల ఎముకల బంక ఉన్నదా?" అని అడుగుతుంది. జిలాటిన్‌కు ఆమె పెట్టుకున్న పేరది. పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించి తీస్తారని ఎప్పుడో ఎక్కడో చదివింది. అప్పటి నుంచి ఊరికి మనశ్శాంతి కరువైంది.

పెళ్ళికి పోతే అక్షింతలకన్నా ముందు వంటల దగ్గరకు పోతుంది. "అమ్మా, అది గులాబ్‌జామ్" అని వంటాయన మొత్తుకున్నా వినదు. "మరి పాకమెందుకు బంకబంకగున్నది?" అని నిలదీస్తుంది. మందుల కంపెనీ తరఫున వచ్చే ఫహీం అయితే గొట్టం గోలీల, అదే క్యాప్సూళ్ళ డబ్బా తీయకముందే రెండు చేతులూ ఎత్తేస్తాడు. "ఉన్నదమ్మా, గోలీ టోపీల ఉన్నది. జర నన్నిడిచిపెట్టు!"

ఆ దుకాణంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్న నవనీతకు ఈ ప్రశ్న విని విని విసుగు పుట్టడం కూడా మానేసింది. పైగా ఈ ఏడాది ఆమెకు దేనికీ ఓపిక లేదు. గర్భసంచి ముఖద్వారం కాన్సర్‌కు రేడియేషన్ చేయించుకుని నాలుగు నెలలైంది. జబ్బు పోయింది, నీరసం పోలేదు. దానికితోడు డాక్టరమ్మ ఇంకో పని పెట్టింది. లోపలి దారి బిగుసుకుపోకుండా వారానికి మూడుసార్లు సిలికాన్ కడ్డీ వాడాలట. వాడకపోతే రేపు పరీక్ష చేయడమే కష్టమవుతుందట.

ఆ కడ్డీ ఆన్‌లైన్‌లో, పెద్దవాళ్ళ పడకగది బొమ్మలమ్మే కొట్టులో దొరికింది. దాంతోపాటు వచ్చిన, కడ్డీకి రాసే జెల్లీ ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో జిలాటిన్ అని ఉంది. జబ్బు తగ్గితే నీసు ముట్టనని చెరువుగట్టు గుడిలో దేవుడికి మొక్కిన మనిషాయె! తినకపోయినా ఒంట్లోకి పోయేదే కదా అనుకుంది. కడ్డీని బీరువాలో చీరల కింద దాచేసింది. మూడు వారాలుగా అది అక్కడే ఉంది, భయం మాత్రం ఆమెతోనే తిరుగుతోంది.

ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అండాలమ్మను అడిగింది.

"అమ్మా, ఒక కస్టమర్ అడుగుతాంది. పెద్దోళ్ళ బొమ్మలకు రాసే జెల్లీ ఉంటది గదా, ఎముకల బంక లేనిది దొరుకుతదా అని."

"బొమ్మ రబ్బరుదా, సిలికాన్‌దా?"

"సిలికాన్‌దట."

"పైకా, లోపలికా?"

నవనీతకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. "లోపలికేనట."

"సరే, కనుక్కుంట."

అండాలమ్మ కనుక్కోవడమంటే మాటలా! పదిరోజులు కంపెనీలన్నిటికీ ఫోన్లు చేసింది, అదీ స్పీకర్ పెట్టి. "లూబ్రికెంట్ ఏ బండికి మేడం?" అని అవతలివాడు అడిగితే "బండికి కాదు బిడ్డా, మనిషికి!" అని అరిచింది. నొప్పుల మందు కోసం వచ్చిన ఇద్దరు రైతులు మందు తీసుకోకుండానే వెళ్ళిపోయారు. నవనీత కౌంటర్ కింద లేని చీటీలు వెతికింది.

అది చాలదన్నట్టు జెల్లీ తానే చేద్దామని ఇంట్లో సముద్రపు నాచుతో చేసే చైనా గ్రాస్ ఒకసారి, అవిసె గింజలు ఒకసారి ఉడికించి చూసింది. రెండో రోజుకే రెండూ పులిశాయి. "తినెతందుకు సై గని, గా మెత్తటి జాగకు ఇంటి వంట వద్దు" అని పారబోసింది.

పదకొండో రోజు పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి నవనీత చేతిలో పెట్టింది.

"గా కస్టమర్‌కియ్యి. నీళ్ళతోటి చేసిండ్రు, సిలికాన్ ఖరాబు కాదు. చిక్కదనానికి చెట్ల నార నుంచి తీసింది ఏసిండ్రు. వాసన లేదు, చక్కెర లేదు. ఎముకల బంక లేదని కంపెనీతోని రాయించిన. మీ డాక్టరమ్మను గూడ అడిగిన, మంచిదే అన్నది."

"మా డాక్టరమ్మనా?"

అండాలమ్మ నాలుక కరుచుకుంది. "అదే, కస్టమర్ డాక్టరమ్మను" అంటూ కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టింది.

నవనీతకు అప్పుడు తట్టింది. ప్రతిదాంట్లో ఏముందని ఊరందరినీ పీక్కుతినే ఈ మనిషి, ఆ కస్టమర్ ఎవరని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. మొదటి రోజే తెలిసిపోయిందన్నమాట. ఇన్నాళ్ళూ ఒంటరిగా మోసిన బరువు దిగినట్టై ఆమె కళ్ళు చెమర్చాయి.

"ఇంక నాగలు పెట్టొద్దు, వారానికి మూడుసార్లు తప్పకుంట వాడాలని చెప్పు" అంది అండాలమ్మ, అద్దాలు తుడుస్తూనే. "మెల్లగ, ఫికర్ లేకుంట."

"చెప్తనమ్మా."

"చాయ్ తాగుతదేమో గూడ అడుగు. మొఖం పీక్కపోయింది పాపం."

నవనీత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "తాగుతదట గని, అందుల ఎముకల బంక ఉన్నదా అని అడుగుతాంది."

అండాలమ్మ నవ్వలేదు. ఎదురుగా ఉన్న ఆజం భాయ్ చాయ్ హోటల్ వైపు తిరిగి, బజారంతా వినపడేలా అదే మాట అడిగింది.