మోకాళ్ల వైద్యానికి మేడ గది

బర్మాలో, యాంగోన్‌లోని లమ్మడా పేటలో కిరాణా కొట్టు నడిపే మన అప్పారావుగారు, భార్య మోకాళ్ల నొప్పి తగ్గించడానికి ఐరోపాలోని ఒక పాత వేడినీటి బుగ్గల ఊరికి బయలుదేరుతున్నారు. నేను అక్కడ ఉండి వచ్చినవాణ్ని కనుక హోటల్ నన్నే ఎంచమన్నారు. బుగ్గ పక్కనే కింది గది ఒకటుందన్నాను.

"మన నెత్తి మీద ఎవులో నడుత్తుంటే పడుకోడమేటండి? పై అంతస్తే కావాల."

బర్మాలో తల అంత పవిత్రం. మోకాళ్లకు ఆ మర్యాద లేదు కాబోలు. ఆ మేడకు లిఫ్టు లేదన్నాను.

"మెల్లగా ఎక్కుతాది," అని భార్య తరఫున అభయమిచ్చారు.

అంతవరకూ పప్పు తూస్తున్న ఆయన భార్య సీతమ్మగారు తలెత్తారు. "మీరు పైనే తొంగోండి. నాను కింద గదిలో ఉంతాను. ఇక్కడిలాగే కిటికీలోంచి తాడు ఒగ్గండి, బువ్వ కట్టి పంపుతాను."

యాంగోన్ మేడల్లోకి సరుకులు అలాగే ఎక్కుతాయి. అప్పారావుగారు, తాడు ఎంత పొడవుండాలని నన్నడిగారు.