మూతి కలవని కారు

మా మేనత్తది నాలుగు చక్రాల సెలూన్. ఎప్పటిదో పాత ఎలక్ట్రిక్ కారు కొని, వెనక అద్దం, కత్తెరలు, మడత కుర్చీ సర్దుకుని, మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి జుట్టు కత్తిరిస్తుంది. నోరు పెద్దది, చెయ్యి తేలిక. ఒకరిని సాయం అడగడమంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. టైరు పంక్చరైతే నడిరోడ్డు మీద తనే మార్చుకుంటుంది తప్ప పక్కవాళ్ళని పిలవదు.

అలాంటి మనిషి యాభై దాటాక పెళ్ళికి ఒప్పుకుంది! వరుడు పొరుగూరి వడ్రంగి. నెమ్మదస్తుడు. ఇప్పటికే రెండుసార్లు ఆవిడే వాయిదా వేసింది. ఈసారీ తప్పిందంటే ఇక ఈ పెళ్ళి అటకెక్కినట్టేనని ఇంటిల్లిపాదికీ గుబులు. అందుకే నన్ను కాపలాగా కారెక్కించారు.

తీరా పెళ్ళినాడు పొద్దున్నే ఈ పెళ్ళికూతురు ఏం చేసిందో తెలుసా? ఊరంతా తిరిగి ముసలాళ్ళకి గడ్డాలు గీసి వచ్చింది!

"నా కోసం ఎదురుచూస్తున్నారే పాపం!" అంది. ఛార్జింగ్ సగం అక్కడే హరీమంది.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి, వెళ్ళే దారిలో ఛార్జింగ్ స్టేషన్ ఉందిగా అనుకున్నాం. వెళ్ళి చూద్దుం కదా, పాత రకం ప్లగ్గు తీసేసి అన్నీ కొత్తవి పెట్టారు. అత్త ఒక్కోటీ లాక్కొచ్చి కారు మూతికి ఆనించి చూసింది. ఒక్కటి ఎక్కితే ఒట్టు.

"అడాప్టర్ ఉండాలి మేడమ్," అన్నాడు అక్కడి మనిషి.

"ఉంటే ఈ కుస్తీ ఎందుకు నాయనా!"

పక్కనే మొక్కల నర్సరీ. అక్కడి ఆవిడ మామూలు ప్లగ్గులో పెట్టుకోనిచ్చింది. అడిగింది నేనే లెండి, అత్త అడిగితేగా! ఛార్జింగ్ ఎక్కుతోంది, చీమ నడకన. సాయంత్రానికి గానీ కారు కదలదు. రిజిస్ట్రారు ఆఫీసేమో ఆ రోజు ఒంటిపూటే.

అత్త ఫోన్ తీసింది. "ఇంకో రోజు పెట్టుకుందామని ఆయనకి చెప్పేస్తానే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయనకి వ్యాను ఉందిగా! వచ్చి తీసుకెళ్ళమని అడగొచ్చుగా!"

"ఇవాళ అడిగితే రేపట్నుంచి ప్రతిదానికీ అడగాలి."

"అడుగు! ఆ మాత్రం అడగలేకపోతే పెళ్ళెందుకు మరి?"

నా వంక గుర్రుగా చూసి, అటు తిరిగి ఆయనకి ఫోన్ కలిపింది. "ఏమండీ..." అని ఆగింది. గొంతు సవరించుకుంది. "కారు ఆగిపోయింది. వచ్చి... నన్ను తీసుకెళ్తారా?"

నాకు ఊహ తెలిశాక అలాంటి మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫోన్ సంచిలో పెట్టుకునేలోగానే హారన్ వినిపించింది. వడ్రంగి గారి వ్యాను నర్సరీ గేటులోకి తిరుగుతోంది. కొత్త చొక్కా వేసుకున్నాడు, చెవి మీద పెన్సిలు మాత్రం తియ్యడం మరిచిపోయాడు.

అత్త నివ్వెరపోయింది. "ఇంత తొందరగా ఎలా వచ్చారు?"

"ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వచ్చా. ఇక్కడ మీ కారు కనిపించింది. ఆ మలుపులో ఆగా."

"చూసి కూడా ఆగారా? ఎందుకు?"

"పిలవకుండా వస్తే తిడతారుగా," అన్నాడాయన, తల గోక్కుంటూ.

తిట్లకి పెట్టింది పేరైన మా అత్త పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని వ్యాను ఎక్కింది. నేను వెనకాల చెక్కల మీద సర్దుకుని కూర్చున్నాను. ఆ రోజు ఆఫీసులో ఆఖరి సంతకాలు వాళ్ళవే.