జాతరలతో లెక్కపెట్టిన వయసులు

ముందే చెప్తున్నాను, నాకు కోపం ఎక్కువ. ముప్పై ఏళ్లుగా హన్మకొండలో కాలేజీ లైబ్రరీ చూసుకుంటున్నవాడికి కోపం రాకపోతేనే వింత. మా లెక్చరర్లు ఎన్ని పరిశోధన పత్రాలు రాశారు, వాటిని బయటివాళ్లు ఎందరు తమ పత్రాల్లో ఉదహరించారు అని ఏటా జాబితా కట్టేది నేనే. కొందరి జాబితా పెళ్లి భోజనాల మెనూ అంత పొడుగుంటుంది. ఒక్కటీ ఎవరూ ముట్టరు.

మెదడు మీద పనిచేసే స్నేహలత మేడంది పొట్టి జాబితా. మొత్తం తొమ్మిది పత్రాలు. వాటిలో ఒక్కదానికే పేరొచ్చింది. ములుగు అడవి పల్లెల్లో ఎనభై ఆరుగురు పెద్దవాళ్లను కలిసి, వయసుతోపాటు జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో రాసిన పత్రం అది. నూట పన్నెండు సైటేషన్లు, అంటే అన్నిసార్లు బయటివాళ్లు దాన్ని ఉదహరించారు. ఈసారి ఆమె ప్రొఫెసర్ కావాలన్నా, ల్యాబు నిలవాలన్నా ఆ పత్రమే దిక్కు.

పోయిన వానాకాలం ఒక పొద్దున ఆమె ఫోను పట్టుకుని లైబ్రరీలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సదానందం సారూ, నా పేపర్ వాపస్ తీసేస్తరంట."

విదేశీ పరిశోధకుడొకాయన ఆ పత్రం అచ్చయిన పత్రికకు ఫిర్యాదు చేశాడు. ఎనభై ఆరుగురి వయసులూ సరి సంఖ్యలేనట. అరవై రెండు, అరవై ఎనిమిది, డెబ్బై నాలుగు. ఇవి కూర్చుని కల్పించిన లెక్కలని ఆయన అనుమానం. మూడు వారాల్లో సంజాయిషీ ఇవ్వాలి.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాని మొఖం! జర ఆగుండ్రి, సర్వే ఫారాలు తీద్దాం" అన్నాను. తీరా తీసి చూస్తే గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. నిజంగానే ఒక్క బేసి సంఖ్య లేదు. చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ ఆమెను అనుమానించాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఫారాల్లో వయసులు నింపింది సమ్మమ్మ. ఆ పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త. మర్నాడే ములుగు బస్సెక్కాం, అక్కడి నుంచి జీపు.

మేం వెళ్లేసరికి సమ్మమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"ఈ వయసులు ఎట్ల రాసినవ్ సమ్మమ్మా?" అని అడిగింది మేడం.

"ముసలోళ్లకు పుట్టిన తారీఖులు ఏడుంటయ్ బిడ్డా? నువ్వు పుట్టినంక మేడారం జాతరలు ఎన్నయినయని అడిగిన. గా లెక్క ఎవ్వలూ మర్వరు. రెండేండ్లకొక జాతర గద, రెండుతోని గుణించి రాసిన."

ముప్పై ఒక్క జాతరలంటే అరవై రెండేళ్లు. ఇక బేసి సంఖ్య ఎక్కడినుంచి వస్తుంది, నా బొంద!

మేడం ఉన్నచోటే కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వడుగలే గద బిడ్డా!"

సమ్మమ్మ ట్రంకుపెట్టె తెరిచి పాత నోటుబుక్కు తెచ్చింది. ఒక్కో పేరు కింద జాతరకొక గీత. ఎనభై ఆరు పేర్లూ ఉన్నాయి. ప్రతి పేజీకీ నేనే ఫొటో తీశాను, సరిగ్గా పడలేదేమోనని రెండేసి సార్లు తీశాను.

ఈ పద్ధతిలో వయసు ఒకటి రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. అది కూడా కలుపుకుని మేడం లెక్కలన్నీ మళ్లీ వేసింది. ఫలితం మారలేదు. వయసులు ఎలా తెలిశాయో అడక్కపోవడం, పత్రంలో రాయకపోవడం తన తప్పేనని జవాబులో దాచకుండా ఒప్పుకుంది.

జవాబు పంపిన పద్దెనిమిది రోజులకు పత్రిక నుంచి మెయిల్ వచ్చింది. పత్రం ఉంటుంది, చిన్న సవరణ వేస్తారు. అమ్మయ్య! నెల రోజులుగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. సవరణలో సమ్మమ్మ పేరు ఉండాల్సిందేనని మేడం పట్టుబట్టి వేయించింది.

మొన్న ఈ ఏటి జాబితా కడుతూ చూస్తే సైటేషన్లు నూట పదమూడయ్యాయి. కొత్తది ఎవరిదా అని తెరిచాను. ఫిర్యాదు చేసిన ఆ పెద్దమనిషిదే! పుట్టిన తేదీలు తెలియని చోట వయసు ఎలా కట్టాలో రాస్తూ, సమ్మమ్మ పద్ధతిని ఆమె పేరుతో సహా చెప్పాడు.

వెంటనే సమ్మమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగైంది సారూ" అంది. "వయసులు ఎట్లొచ్చినయని గాయనన్నా అడిగిండు."