దోహాలో నేను చచ్చిన శుక్రవారం

ఉద్యోగానికి కొత్తగా వచ్చిన ఆ కాలంలో, దోహాలో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ" అని అడిగితే "నటుణ్ణండీ" అని చెప్పాలని నాలుక దురద పెట్టేది. చెప్పడానికి వీల్లేకుండా మెడలో కంపెనీ కార్డు వేలాడుతుండేది, దాని మీద టైమ్‌కీపర్ అని రాసుండేది. (అదేదో పెద్ద పదవనుకుని మా అమ్మ రాజోలు చుట్టుపక్కల చర్చిలన్నిటిలోనూ చెప్పుకుంది. ఎవరు ఎప్పుడు డ్యూటీ ఎక్కారో, ఎప్పుడు దిగారో సైటు గేటు దగ్గర కూర్చుని హాజరు వేసే గుమాస్తా పని అది.) నేనేమో మా ఊరి క్రిస్మస్ నాటకాల్లో ఏటా హేరోదు రాజు వేషం కట్టినవాణ్ణి. నేను స్టేజీ మీద కేకేస్తే ముందు వరసలో పిల్లలు జడుసుకుని తల్లుల ఒళ్లో దూరేవాళ్లు. అలాంటి గొంతున్నవాణ్ణి తెచ్చి ఈ ఇసకలో హాజరు వేయిస్తున్నారే అని నా మీద నాకే తెగ జాలేసేది.

సరిగ్గా అప్పుడే ఊరంతా కలిసి నాటకాలు వేస్తున్నారన్న కబురొచ్చింది. ఊరంటే దోహా. నైజీరియా నుంచి వచ్చి ఇక్కడొక స్కూల్లో పాఠాలు చెప్పే ఒకావిడ (మేమంతా టీచరమ్మ అనేవాళ్లం) తన దేశం నుంచి ఇక్కడికి వలసొచ్చిన ఒక కుటుంబం కథని ఐదు నాటకాలుగా రాసింది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. ఒక్కో నాటకాన్ని ఊళ్లో ఉన్న ఒక్కో దేశం వాళ్లు, ఒక్కో భాష వాళ్లు ఆడాలి. వారం వారం మనుషులూ భాషా మారతాయి గానీ కుటుంబం మాత్రం అదే. విమానం దిగడం ఫిలిప్పీన్స్ వాళ్లు ఆడారు. మొదటి ఉద్యోగం మలయాళీలు పట్టుకుపోయారు, పిల్లల్ని బళ్లో వేయడం నేపాలీలది. ఆఖరిది నైజీరియా వాళ్లే ఆడుకుంటారు. మధ్యలో మిగిలిన నాలుగోది మా తెలుగు చర్చికి వచ్చింది. నాలుగోదాంట్లో తండ్రి చనిపోతాడు. "మంచివన్నీ ఎవరో ఎత్తుకుపోయాక చావు మన నెత్తిన పడిందండీ" అని మా వాళ్లు కాస్త నొచ్చుకున్నారు.

మా దర్శకుడు రిహార్సల్ అంకుల్. పాలకొల్లు మనిషి. పగలంతా ముషైరిబ్ వైపు ఓ ఆఫీసులో ప్లాన్లు గీసేవారు, శుక్రవారం వస్తే మమ్మల్ని నిలబెట్టి తోమేవారు. ఆయన మొట్టమొదట చేసిన పని మా అందరి ముఖాలకూ పూయడానికి నల్లరంగు డబ్బా కొనుక్కురావడం. టీచరమ్మ ఆ డబ్బా చూసింది. కోప్పడలేదు గానీ నవ్వనూ లేదు. "ఈ ఊళ్లో వాళ్లెలా బతికారో చూపించండి చాలు. మీ ముఖాలు మీ దగ్గరే ఉండనివ్వండి" అంది ఇంగ్లీషులో. అంకుల్ చెవులదాకా ఎర్రబడి డబ్బా సంచిలో పెట్టేసుకున్నారు. రెండోది నా సంగతి. "ఒరేయ్ అబ్బాయ్, తండ్రి వేషం నీదే" అన్నారు. నేను ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంబరం. తీరా కాగితాలు చేతికొచ్చాక చూస్తే తెర లేవకముందే తండ్రి పోయాడు. ఒక్క ముక్క మాట్లాడడు. మాట్లాడ్డం అటుంచి, అసలు కనబడడు. దూరాన ఆసుపత్రిలో శవం, ఇంట్లో ఫోను పట్టుకుని భార్యాపిల్లలు, అంతే నాటకం.

"శవం లేకుండా చావేంటండీ? మనోళ్లు ఒప్పుకోరు" అని అంకుల్ పేచీ పెట్టారు. "ఈ ఊళ్లో పోయినవాళ్లని ఇంట్లోవాళ్లు చాలాసార్లు చూసుకోలేరు. అందుకే చూపించలేదు" అంది టీచరమ్మ. మా అంకుల్ వింటేనా! ఆయ్, మీరు చూడండి అని పెట్టె పెట్టించారు, పెట్టెలో నన్ను పెట్టించారు, ముక్కుల్లో దూది కుక్కమన్నారు. చివర్లో తాను పాస్టరు వేషంలో వచ్చి, ఊళ్లో సమాధి కార్యక్రమాల్లో పెద్దలు పిలిచినట్టే, "ఆఖరిచూపు చూసుకునేవాళ్లు రండి" అని పిలవడం, నటులిద్దరు నా చుట్టూ తిరిగి వెళ్లడం, తెర. టీచరమ్మ చాలాసేపు ఆలోచించి సరేనంది. ముక్కుల్లో దూదుంటే ఊపిరెలా అంకుల్ అని నేనడిగాను. "నోరు కాస్త తెరిచి ఉంచరా. చచ్చినవాళ్లకి నోరు తెరుచుకునే ఉంటది" అన్నారు. హేరోదు రాజుకి పట్టిన గతి అది.

పెట్టె చేసి పెట్టమని మా సైటులో వడ్రంగి పని చేసే జగిత్యాల అన్నని అడిగాను. రోజూ నా గేటులోంచే డ్యూటీకి వెళ్లేవాడు గనక చనువు. "ఎవలికి సార్?" అన్నాడు. నాకేనన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. అప్పుడు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. కొన్ని వారాల కిందటే ఆయన తమ్ముడు పోయాడు. అల్ షహానియాలో ఒంటెలు చూసుకునే పని ఆ కుర్రాడిది. పడుకున్నవాడు పడుకున్నట్టే లేవలేదు. అన్నకి కబురు తెలిసేసరికి శవం ఆసుపత్రికి చేరింది. సైటులో కాంక్రీటు పని నడుస్తోందని ఫోర్‌మన్ వదల్లేదు. చివరికి వదిలాక పరుగెత్తుకుని పోతే అప్పటికే పెట్టెకి మేకులు కొట్టేశారు. శవానికి తోడుగా ఊరికి వెళ్లడానికి సెలవు దొరకలేదు. అక్కడ ఊళ్లోనేమో పెట్టె తెరవొద్దన్నారు, చాలా రోజులైంది, చూడలేరు అని.

పెట్టె వచ్చాక పడుకుని చూసుకుంటే నా కాళ్ల కింద ఇంకో మనిషి కూర్చునేంత చోటుంది. "ఇంత పొడుగెందుకన్నా?" అన్నాను. "మా తమ్ముడు పొడుగు సార్. చేతులు గట్లనే కొలత వట్టినయ్" అన్నాడు. తర్వాత పెట్టె అంచు మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పాడు. "అమ్మ రోజు ఫోన్ జేస్తది. 'బిడ్డా, వాని నోట్ల నీళ్లు వోసినవా' అని గదొక్కటే అడుగుతది. దుబాయ్ల నువ్వున్నవ్ గదా, నువ్వే వోయాలె గదా అంటది. ఆమెకు గల్ఫంత దుబాయే. పోసిన అని అబద్దం జెప్పరాదు. పొయ్యలే అని నిజం జెప్పరాదు. డ్యూటీ టైమైంది అని కట్ జేస్త." మా ఇళ్లలో పోయినవాళ్ల నోట్లో నీళ్లు పోసే పద్ధతి లేదు. నాటకం చూడ్డానికి రా అన్నా అని మాత్రం అన్నాను. తర్వాత వాళ్లుండే లేబర్ క్యాంప్ వంటాయన నన్ను పక్కకి పిలిచి, "ఆయన తింటలేడు, మాట్లాడ్తలేడు. గంత పెద్ద దుక్కమైతే ఒక్క సుక్క కండ్లల్లకెల్లి రాలే సార్. గదే మాకు బయమైతుంది" అన్నాడు.

ఆ శుక్రవారం సాయంత్రం అబూ హమూర్‌లో ఓ స్కూలు హాలు. ముందు వరసలో టీచరమ్మ, వాళ్ల నైజీరియా వాళ్లు, మిగతా నాటకాలాడినవాళ్లు. వెనకంతా మా కంపెనీ బస్సులో వచ్చిన క్యాంప్ జనం. నేను తెల్లగుడ్డ కప్పుకుని, ముక్కుల్లో దూదితో, అన్న చేసిన పెట్టెలో పడుకున్నాను. పెట్టె పొడుగు తెలియకుండా కాళ్ల దగ్గర రెండు దిళ్లు దోపారు. నాటకం బాగానే నడిచింది. భార్య వేషం వేసిన మా నర్సక్క ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలే చోట హాలంతా నిశ్శబ్దమైపోయింది. నాకు మాత్రం మనసులో ఒకటే గోల. ఇంతమంది వచ్చారు, ఒక్క డైలాగ్, కనీసం చావబోయే ముందు ఒక మూలుగు ఉంటే ఎంత బావుండేది!

అంకుల్ పాస్టరు కోటులో వచ్చారు. ఊళ్లో ఎన్ని సమాధి కార్యక్రమాల్లో చెప్పారో గానీ, నటుల వైపు తిరగాల్సిన మనిషి అలవాటు కొద్దీ జనం వైపు తిరిగి, రెండు చేతులూ చాచి, "ఆఖరిచూపు చూసుకునేవాళ్లు రండి. తోసుకోకండి, ఒక్కొక్కరుగా రండి" అన్నారు.

వెనక కుర్చీలు కదిలిన చప్పుడు వినబడింది. తర్వాత బరువైన బూట్ల చప్పుడు. అది మెట్లెక్కి స్టేజీ మీదకి వస్తోంది. కళ్లు మూసుకునే ఉన్నాను గానీ ఇది మా నాటకంలో లేదని నాకు తెలుసు. (తర్వాత అంకుల్‌ని అడిగితే, "శవం దగ్గరికొచ్చేవాణ్ణి ఎలా ఆపమంటావురా, నోరెలా వస్తది?" అన్నారు.) ఎవరో వచ్చి నా పాదాలు ముట్టుకున్నారు. నాకు అరికాళ్లలో చక్కిలిగింత, పళ్లు బిగబట్టుకున్నాను. ఇంకెవరో గుడ్డ సర్దారు. "పోయిరా తమ్మీ" అన్నాడొకడు మెల్లగా. ఇంకొకడు నా నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. వాళ్లెవరికీ నేను తెలియకపోలేదు. రోజూ గేటు దగ్గర నాతో గొడవపడేవాళ్లే. నన్నెవరూ చూడ్డంలేదని అప్పటికి నాకు అర్థమైంది.

తర్వాత దగ్గరగా కర్రపొడి వాసన వచ్చింది.

"తమ్మీ" అన్నాడు జగిత్యాల అన్న. "ఉరికొచ్చినరా. దవాఖాన గేటు కాడ ఆపిన్రు. కాళ్లు మొక్కిన, మాఫీ మాఫీ, లేదు పో అన్నరు. లోపటికి పొయ్యేసరికి మూతేసిన్రు. నేను రాలేదనుకోకు." గొంతులో తడి లేదు. గేటు దగ్గర నాతో మాట్లాడినట్టే మాట్లాడాడు. తర్వాత ప్లాస్టిక్ సీసా మూత తిప్పిన చప్పుడైంది. నా గడ్డం కింద వేళ్లు పెట్టి కొద్దిగా ఎత్తాడు. తెరిచి ఉంచిన నా నోట్లో నీళ్లు పడ్డాయి.

చల్లగా నాలుక మీదుగా వెళ్లి గొంతు దగ్గర ఆగాయి. ముక్కుల్లో దూది, నోటి నిండా నీళ్లు. ఉమ్మితే నాటకం పోతుంది, దగ్గితే శవం లేచి కూర్చుంటుంది, ఏమీ చేయకపోతే ఉత్తుత్తి చావు కాస్తా నిజమైపోతుంది. ప్రభువా అనుకున్నాను. అన్న ఇంకొన్ని నీళ్లు పోశాడు. ఇక నావల్ల కాలేదు. గుటక వేశాను. అదీ చిన్న గుటక కాదు, మైకులో వినబడేంత గుటక.

అయిపోయింది, నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"తాగిండు" అన్నాడు అన్న.

నమ్మలేనట్టు మళ్లీ అన్నాడు, ఈసారి హాలు వైపు తిరిగి, గట్టిగా. "తాగిండే! మా తమ్ముడు తాగిండు!" అంతే, అలాగే పెట్టె పక్కన కూలబడి, ఇన్ని వారాలూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడినట్టు బావురుమన్నాడు. నర్సక్క పాత్ర మర్చిపోయి ఆయన్ని పొదివి పట్టుకుంది. తెర లాగేవాడు తెర లాగడమే వదిలేశాడు. నేను కళ్లు తెరవలేక, మూసుకున్న కళ్లలోంచే కారుతున్నవి చెవుల్లోకి పోతుంటే, తుడుచుకునే దారిలేక అలాగే పడున్నాను.

అక్కడే, స్టేజీ మీదే, ఏడుస్తూనే ఫోన్ చేశాడు. "అమ్మా, పోసినే. నా చేతులతోని పోసిన." అవతల ముసలామె గొంతు ఫోనులోంచి నాకు స్పష్టంగా వినబడింది. "తాగిండా బిడ్డా?" "తాగిండమ్మా. గుటక గూడ ఏసిండు." తర్వాత ఆమె అంది, "తాగుతడు బిడ్డా, ఎందుకు తాగడు. వానికి చిన్నప్పటిసంది దూప ఎక్కువ."

జనం వెళ్లిపోయాక టీచరమ్మ పెట్టె దగ్గరికొచ్చి, నా ముక్కుల్లో దూది తానే తీసి, "లేస్తావా, లేక ఇంకాసేపు పడుకుంటావా?" అంది. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి. అంకుల్ మాత్రం ఆ పూటంతా నన్ను వదల్లేదు. "చచ్చినవాడివి గుటకేంట్రా! ఇన్ని రిహార్సల్స్ చేయించానే! మలయాళీల ముందు పరువు తీశావు కదరా!" నాకూ నిజమే కదా అనిపించింది.

మర్నాడు అన్న ఎప్పటిలాగే గేటు దగ్గరికొచ్చాడు. క్యాంప్‌లో పొద్దున్నే కడుపునిండా తిన్నాడని వంటాయన నాకు ముందే చెప్పాడు. హాజరు వేయించుకుని రెండడుగులు వేసినవాడు వెనక్కొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "సార్, నీళ్లు ఎక్కువ పోసిన్నా? పొలమారలే గదా?"

"లేదన్నా" అన్నాను. "సరిపోయాయి."

తలూపి పనికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు తల్చుకుంటే ఆ శుక్రవారం రాత్రి ఇంటికెళ్లిన కుర్రాడే, అప్పటి నేనే, నాకు ఎక్కువ కనబడతాడు. గదిలో అద్దం ముందు నిలబడి, నోరు కొద్దిగా తెరిచి, గుటక వెయ్యకుండా నీళ్లు ఎంతసేపు పట్టుకోవచ్చో గ్లాసుతో ప్రాక్టీసు చేస్తున్నాడు, పిచ్చి వెధవ. ఇంకెప్పుడైనా చావు వేషం వస్తే ఈసారి తప్పు జరగకూడదని. పక్కకెళ్లి భుజం మీద చెయ్యి వేసి, ఇక చాల్లేరా, పడుకో అని చెప్పాలనిపిస్తుంది.