గుమ్మంలో కూర్చున్నవాడు

మా కంప్యూటర్ గదిలో అందరూ అతన్ని గుమ్మం అని పిలిచేవాళ్ళు. అతని పని అలాంటిది. ఆస్పత్రిలో ఏ వార్డు నుంచి ఎవరు ఏ రోగి వివరం అడిగినా ఆ ప్రశ్న నేరుగా డేటాబేస్‌కి వెళ్ళదు. మధ్యలో ప్రాక్సీ అని ఒక యంత్రం ఉంటుంది. ప్రశ్న దాని చేతికొచ్చి, దాని చేతిమీదుగా లోపలికి వెళుతుంది. జవాబూ అదే దారిన బయటికి వస్తుంది. ఆ రాకపోకలు తెర మీద చూస్తూ కూర్చోవడమే ఇతని ఉద్యోగం. ఎవరైనా చూడకూడని వివరం చూస్తే పైవాళ్ళకు చెప్పాలి. అంతకుమించి దేన్నీ ముట్టుకోకూడదు, చూసినదాని గురించి బయట నోరు జారకూడదు.

పక్క కుర్చీ నాది. ప్రింటర్లూ కేబుళ్ళూ చూసుకునేవాణ్ణి. నాకు నోటి దురుసు, అతనికి అసలు నోరే లేదు. అన్నం డబ్బా మూత కూడా చప్పుడు కాకుండా తీసేవాడు. పొద్దున్నే కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, తెర మీద పారే వరసలు కాసేపు చూసి, "ఇవాళ ఎముకల వార్డువాళ్ళు బద్ధకంగా ఉన్నారు" అనేవాడు. పిల్లల వార్డులో ఒక నర్సమ్మ ప్రతి పేరూ ఒకసారి తప్పు కొట్టి మళ్ళీ కొట్టేది. ఆవిడ మొహం ఇతనెప్పుడూ చూడలేదు. కానీ ఆవిడ సెలవు పెడితే ఇతనికి బెంగ.

ఇతన్ని పెంచింది అక్క. బట్టలు కుట్టి చదివించింది. ఆవిడకి కిడ్నీలు పాడైపోయాయి. తనది ఒకటి ఇస్తానని ఇతను ముందుకొచ్చాడు గానీ సరిపడలేదు. చివరికి మా ఆస్పత్రిలోనే, చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ళ వరసలో ఆవిడ పేరు ఎక్కించారు. ఆ రోజే ఇతను మా ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, మా అక్క పేరు వరసలో ఉంది. నన్ను ఈ కుర్చీలోంచి మార్చండి."

"నువ్వు చూడటమేగా చేసేది? మార్చేదేముందయ్యా" అని ఆయన నవ్వి పంపేశాడు.

రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా అక్క మా గది బయట బల్ల మీద కూలబడి కాసేపు అలుపు తీర్చుకునేది. ఇతను మంచినీళ్ళు పట్టుకెళ్ళేవాడు.

"ఏరా, నా నంబరు కనపడిందా నీ తెర మీద?"

"చెప్పకూడదక్కా."

"అబ్బో! నీ ముక్కు తుడిచినదాన్నిరా నేను. నా దగ్గరా దాపరికం?" అని నా వైపు తిరిగేది. "చిన్నప్పుడూ ఇంతేనండీ వీడు. మోకాలు చెక్కుకుపోయినా చెప్పేవాడు కాదు. లాగు మీద మరక చూసి నేనే కనిపెట్టాలి."

కబురు వస్తే ఉన్నపళంగా పరుగెత్తాలి కదా, అందుకని ఆవిడ ఇంట్లో తలుపు పక్కనే ఒక సంచి సర్ది పెట్టుకుంది. రెండు జతల బట్టలు, దువ్వెన, సూదీ దారం. సూదీ దారం దేనికమ్మా అంటే, "మీ ఆస్పత్రి గౌన్లకి కుట్లెక్కడ సరిగ్గా ఉన్నాయి?" అంది.

కొన్నాళ్ళకి ఆవిడ పరిస్థితి దిగజారింది. ఆవిడని చూసే డాక్టరమ్మ కొత్త పరీక్షల ఫలితాలు కంప్యూటర్లో ఎక్కించింది. దాంతో ఆవిడ పేరు వరసలో మొదటికి వచ్చింది. ఆ మార్పు తెర మీద పోతుంటే ఇతను చూశాడు. లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. నాకు కూడా చెప్పలేదు. ఆస్పత్రివాళ్ళే అక్కకి ఫోన్ చేసి చెప్పారు.

వెంటనే ఎవరో ఫిర్యాదు పెట్టారు, ఆవిడ తమ్ముడు కంప్యూటర్ గదిలో ఉన్నాడని. ఆ వరస చూసుకునే కమిటీవాళ్ళు డేటాబేస్ రికార్డు తెప్పించుకున్నారు. ఆ మార్పు ఎక్కడి నుంచి వచ్చిందని చూస్తే, ఇతను కాపలా కాసే యంత్రం నుంచి! ఇంకెక్కడి నుంచి వస్తుంది? డేటాబేస్‌కి తెలిసింది ఆ ఒక్క యంత్రమే. ప్రతి ప్రశ్నా, ప్రతి మార్పూ దాని చేతిమీదుగానే పోవాలి. ఆ లెక్కన మా ఆస్పత్రిలో కాన్పులన్నీ కూడా ఇతనే చేశాడనాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రాక్సీ దగ్గర వేరే రికార్డు ఉంటుంది. ఏ వార్డులో ఏ కంప్యూటర్ అడిగిందో అందులో స్పష్టంగా ఉంటుంది. ఇతను అది తీసి చూపించాడు.

"ఈ రికార్డు ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నారు వాళ్ళు.

"నా చేతిలోనే."

"మరి నువ్వే దిద్దలేదని ఎలా నమ్మడం?"

ఇతను ఆ రికార్డు వాళ్ళ ముందే ఉంచి బయటికి వచ్చేశాడు.

డాక్టరమ్మ తనే ఎక్కించానని రాసిచ్చింది. మా ఆఫీసరు కూడా, "నాకు తెలుసయ్యా, నీ తప్పేం లేదు. కానీ కమిటీ కూర్చుని తేల్చాలి. కమిటీ పెద్దాయన ఊళ్ళో లేడు" అన్నాడు. అందరూ నమ్మారు. అయినా కమిటీ తేల్చేదాకా కిడ్నీ ఇవ్వకుండా ఆవిడ పేరు పక్కన 'నిలిపివేత' అని ఎక్కింది. ఇప్పుడు తీరిగ్గా ఇతన్ని కుర్చీ మార్చారు. అందులో నన్ను కూర్చోబెట్టి, పని నేర్పమని ఇతన్నే పక్కన పెట్టారు.

ఒక మధ్యాహ్నం అత్యవసర విభాగం నుంచి కబురు పాకింది. ప్రమాదంలో పోయిన ఒకాయన అవయవాలు ఇవ్వడానికి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారట. రక్తం గ్రూపు విని ఇతను కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అక్కది అదే గ్రూపు.

కాసేపటికి తెర మీద ప్రశ్న వచ్చింది. ఆ గ్రూపువాళ్ళలో, నిలిపివేతలో లేనివాళ్ళలో, మొదటి నంబరు ఎవరిది?

ప్రాక్సీని ఆపడానికి ఒక మీట ఉంది. నా చెయ్యి దాని మీదికి పోయింది. ఆపి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. ఇతను నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. ఐసీయూ మందుల చీటీలు కూడా ఇందులోంచే వెళ్ళాలి."

జవాబు వచ్చింది. ఒకే ఒక్క నంబరు. అది అక్కది కాదు. తెర మీద ఆ వరస పైకి జరిగి, దాని కింద పిల్లల వార్డు నర్సమ్మ తప్పు కొట్టిన పేరు ఒకటి వచ్చింది.

తర్వాత కమిటీ కూర్చుంది. తప్పేమీ లేదని తేల్చి కాగితం ఇచ్చింది, నిలిపివేత ఎత్తేసింది. ఆ కాగితం ఇస్తూ ఆఫీసరు ఇతని వీపు తట్టాడు. అప్పటికి అక్క మంచం దిగడం లేదు.

కానీ ఆ మధ్యాహ్నం ఆవిడకి ఇవేవీ తెలియవు. నిలిపివేత సంగతే ఇతను చెప్పలేదు. సాయంత్రం ఇంటికి బయలుదేరబోతుంటే ఫోన్ మోగింది. ఆవిడ గొంతు నాకూ వినపడింది.

"ఏరా, ఏమైనా కదిలిందా ఇవాళ?"

ఎప్పటిలా చెప్పకూడదక్కా అంటాడనుకున్నాను.

"లేదక్కా. ఏమీ కదల్లేదు."

అవతల ఏదో జరిపిన చప్పుడైంది. తర్వాత, "సరే. సంచి అడ్డంగా ఉందంటున్నారు మీ బావ. తీసెయ్యనా, ఉంచనా?" అంది.

ఇతను ఖాళీ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఉంచక్కా" అన్నాడు.