మా మేనత్తకు సరిపడే లెన్సు

నలభై దాటాక కెమెరా కొన్నానంటే మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. సత్తెనపల్లిలో నాది పురుగుమందుల కొట్టు. "ఫోన్లో కెమెరా ఉండగా మళ్ళీ ఇదెందుకండీ?" అంది మా ఆవిడ. ఫోన్‌తో తీసేవి ఫోటోలే కావని నేనొక ఉపన్యాసం దంచాను. అప్పటికి యూట్యూబ్‌లో రెండు మూడు వీడియోలు చూసి ఉన్నాను లెండి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. కొట్టు ముందు పడుకున్న కుక్కను, ఎదురింటి నీళ్ల ట్యాంకును, ఎరువు బస్తాలను, దేన్నీ వదల్లేదు. ప్రతి ఫోటోలోనూ ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చేది.

నిజానికి నేను కెమెరా కొన్నది మా మేనత్త కోసం. ఆవిడది మాకు దగ్గర్లోనే ఓ పల్లె. చిన్న వయసులోనే మావయ్య పోతే, అప్పట్నుంచీ మిర్చి, పత్తి సేద్యం ఒంటిచేత్తో నడుపుతోంది. మా ఇళ్లల్లో ఏ పెళ్లయినా పందిరి వేయించడం నుంచి వంటవాళ్ల మీద కేకలెయ్యడం దాకా అంతా ఆవిడే. ఫోటో తీసేవాడు "అందరూ రండి" అనేసరికి మాత్రం కనిపించదు. ముత్తయిదువులు నిలబడే చోట తనెందుకని పక్కకు తప్పుకుంటుంది. ఆవిణ్ణి పొమ్మన్నవాళ్లు లేరు, చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లూ లేరు. ఆల్బమ్‌లు తిరగేస్తే ఒకచోట ఆవిడ మోచెయ్యి, ఒకచోట కొంగు, ఇంకోచోట వెళ్లిపోతున్న వీపు. మొహం పూర్తిగా ఉన్నది ఆధార్ కార్డులోనే, అందులో ఆవిణ్ణి కన్నకొడుకైనా గుర్తుపట్టలేడు. అవి చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆవిడ ఒక్కతే నట్టనడుమ ఉండి, మొహం నిండుగా కనిపించే ఫోటో ఒకటి తీసి తీరాలనుకున్నాను.

అడిగితే ఒప్పుకుంటేగా! "నా మొహం ఎవడు చూడాల్రా? తాలుకాయలాగా ఉన్నా. పో, పోయి పిల్లల్ని తీసుకో," అంది. తాలుకాయంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయ. మంచికాయల్లోంచి ఏరి పక్కన పోసేస్తారు.

సరే, ఆవిడకు తెలియకుండానే తీద్దామని గుంటూరు వెళ్లి, దూరపువి తీసే లెన్సు అడిగాను.

"ఏం తీస్తారండి, పక్షులా?" అన్నాడు కొట్టతను.

"కాదండి, మా మేనత్తని. ఆవిడకు తెలియకూడదు."

అతను నా వంక అదోలా చూసి, సొరకాయంత లెన్సు ఒకటి తీసి ముందు పెట్టాడు.

అవి మార్చి ఎండలు. అత్త వాళ్ల కల్లం నిండా మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. ఆడకూలీలు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. నేను పక్క చేలో పత్తికట్టె మోపుల వెనక నక్కి కెమెరా ఎత్తాను. అత్త మొహం దగ్గరకైతే వచ్చింది గానీ, ఒకటే ఊగుతోంది. లెన్సు పొడుగయ్యేకొద్దీ చేతి వణుకు ఎక్కువగా కనిపిస్తుందని, షట్టర్ స్పీడ్ పెంచుకోవాలని అప్పటికి నాకు తెలియదు. ఫోటోలో ఆవిడ బదులు పొగలాంటి మసక పడింది. ఈలోగా ఒకామె నన్ను చూడనే చూసింది. "అమ్మో, దొంగ! కట్టె ఎనకాల ఎవడో దాక్కున్నాడు!" అని కేకేసింది. కల్లాల్లో కాయలు ఎత్తుకుపోయేవాళ్లు మాకు కొత్తేం కాదు. అత్త కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎవడ్రా అది? బయటికి రా!"

చేతులెత్తుకుని బయటికొచ్చాను.

"ఏరా, నువ్వా? పట్టపగలు పిల్లిలాగా ఆ నక్కడమేంట్రా? చదువుకున్నోడివి!"

ఆ సొరకాయను తిరిగిచ్చేసి, అరచేతిలో ఇమిడే ప్రైమ్ లెన్సు తెచ్చుకున్నాను. దీనికి జూమ్ ఉండదు. దగ్గరగా కావాలంటే మన కాళ్లతోనే దగ్గరకు నడవాలి. వెనకున్నదంతా మసకబారి, ఎదుటి మనిషి మొహం ఒక్కటే నిలుస్తుంది. దాక్కునే వీలు లేదన్నమాట. నాకదే నచ్చింది.

ఈసారి తిన్నగా కల్లంలోకే పోయాను. "అత్తా, ఇవాళ నిన్ను తియ్యకుండా లేవను," అని చతికిలబడ్డాను. "కూర్చో, నాకేం? నా పని నాది," అంది. తప్పు ఎక్కడ చేశానంటే, ఊరికే కూర్చోలేదు. మా వైపు మిర్చి కల్లంలో కూర్చున్నవాడి చేతులు ఖాళీగా ఉండవు. కబుర్లాడుతూ నేనూ తాలు ఏరాను. ఆ చేతులతోనే లెన్సు బిగించి, కన్ను ఆనించే రబ్బరును వేలితో శుభ్రంగా తుడిచి మరీ కన్ను పెట్టాను.

మంట నడినెత్తికెక్కింది. మిరపకాయల మధ్య పుట్టి, మిర్చికి మందులమ్ముకు బతికేవాణ్ణి, అదే చేత్తో రెండో కన్నూ నులిమాను. కల్లమంతా గొల్లుమంది. అందరి నవ్వుల్నీ మించి మా అత్త నవ్వు వినిపించింది. "ఒరేయ్ సన్నాసీ, ఆ చెయ్యి తియ్యరా!" అంటూనే పడీపడీ నవ్వుతోంది. ఆవిడ అంత గట్టిగా నవ్వగా విని ఎన్నేళ్లయిందో! రెండు కళ్లూ మూసుకునే, ఆ నవ్వు వచ్చిన వైపు కెమెరా తిప్పి నొక్కుతూ పోయాను.

తరవాత ఆవిడే నన్ను కూర్చోబెట్టి కళ్లు కడిగింది. కొంగు ఉండచుట్టి, నోటితో ఆవిరి పట్టి రెప్పల మీద అద్దింది. కూలీలందరూ చూస్తున్నా నాకు సిగ్గనిపించలేదు, హాయిగా ఉంది.

చూపు కుదుటపడ్డాక తెర మీద చూసుకుంటే ఒకదాంట్లో కాయల కింద పరిచిన పరదా పట్టా, ఒకదాంట్లో నా చెప్పు. ఒక్కదాంట్లో మాత్రం మా అత్త నట్టనడుమ ఉంది. తల వెనక్కి వాల్చి, నోరారా నవ్వుతోంది. వెనక కాయలన్నీ కలిసి ఒకటే ఎరుపు. ఫోకస్ కళ్ల మీద కాక, చెవి దగ్గర నెరిసిన వెంట్రుకల మీద పడింది. వీడియోల్లో పాఠాలు చెప్పేవాళ్లయితే దీన్ని తీసి పారేస్తారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఏనుగెక్కినంత సంబరమైంది.

కెమెరా ఆవిడ చేతికిచ్చేటప్పుడు భయం వేసింది. తీసెయ్యమంటే తీసెయ్యక తప్పదు. ఆవిడ మాట కాదన్నవాడు మా ఇంటావంటా లేడు. ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, నీడలోకి జరిగి చూసింది.

"పక్కన ఎవరూ లేరేంట్రా?"

"లేరత్తా. నువ్వొక్కదానివే."

చాలాసేపు చూసుకుంది. "ఒక్కదాన్నే ఉన్నా బానే ఉన్నా కదరా," అంది మెల్లగా.

ఆవిడే కెమెరా నా చేతిలో పెట్టి, జుట్టు సవరించుకుని, కొంగు సర్దుకుని, మిరపకాయల ముందు నిటారుగా నిలబడింది. అది చూసి కూలీలు కూడా బిలబిలా వచ్చి చుట్టూ చేరారు.

"జరగండే! మిమ్మల్ని తరవాత తీస్తాడు," అంది మా అత్త. "ముందు నన్ను తియ్యనియ్యండి."