అవ్వ విప్పిన ఎముకల సంచి

మా అవ్వ ఎవర్నీ నమ్మేది కాదు. నాయనకు తల్లి ఆమె. గడపలోకి ఎవరొచ్చినా ముందు చేతులు కొంగు కింద దాచుకునేది, ఆ తర్వాతే "రాప్పా, కూచో" అనేది. ఆ చేతుల మీద బొల్లి మచ్చలు. వచ్చినవాళ్లు పోయాక నన్ను పిలిచి, "ఆయప్ప నా చేతుల దిక్కు చూసినాడా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. చూడలేదంటే నన్ను కూడా నమ్మేది కాదు.

ఆమె అనుమానానికి కారణం లేకపోలేదు. బొల్లి ఉన్న మనిషిని మట్టిలో పెడితే వానలు రావని మా వైపు పల్లెల్లో ఒక నమ్మకం. కరువు ముదిరితే అలాంటి శవాన్ని తవ్వి తీసి కాల్చేవాళ్లు. అవ్వ వాళ్లక్కను అలాగే చేశారు. అప్పటికి అవ్వకు మచ్చలు లేవు. జనంలో నిలబడి చూసింది కూడా. ఆ తర్వాతెప్పుడో తన వేళ్ల మీద మొదటి మచ్చ తేలింది. అప్పట్నుంచీ ఆమెకు చావంటే భయం లేదు గానీ, పూడ్చాక ఏం చేస్తారోననే దిగులు మాత్రం వదల్లేదు. "నన్నూ తవ్వి తీస్తారు చూడు" అని అన్నం తింటూ తింటూ అనేది.

తొంభైల చివర్లో నేను మెడిసిన్ మొదటి ఏడాదిలో ఉన్నాను. సెలవులకు ఇంటికొస్తూ ఎముకల సంచి తెచ్చుకున్నాను. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే అసలు మనిషి ఎముకలు. పరీక్షలో ఒక ఎముక చేతికిచ్చి, ఇది కుడిదా ఎడమదా, కండరం ఎక్కడ అతుక్కుంటుంది అని ప్రాణం తీస్తారు. బొమ్మలు చూసి నేర్చుకుంటే అయ్యే పని కాదు. ఇంట్లో చెబితే ఒప్పుకోరని, పుస్తకాలని బొంకి సంచిని మంచం కిందికి తోశాను. ఆ ఏడు ఆషాఢం వచ్చినా విత్తనానికి పదును వాన పడలేదు. వలిచిన వేరుశనగ విత్తనాలు గంపల్లో అలాగే ఉన్నాయి. అలాంటప్పుడు ఈ సంచి సంగతి ఊళ్లో తెలిస్తే ఇంకేమైనా ఉందా!

అవ్వ వెంటనే పసిగట్టింది.

"పుస్తకాలైతే లొటలొట అంటాయా?"

"పెన్నులవ్వా."

"అన్ని పెన్నులెందుకే, అంగడి పెడతాండావా?"

నాకు ఒళ్లు మండింది. ఇంకో చిక్కేమిటంటే, నేను వెన్నుపూసలు చదువుతున్న రోజులవి. అవ్వ కసువు ఊడుస్తుంటే గూనిపడ్డ ఆ వీపు మీదికే నా కళ్లు పోయేవి. "ఏమే, సంతలో గొర్రెను చూసినట్ల నా వీపు చూస్తాండావు?" అని కసిరేది. గూని కూడా ఎవరో చేతబడి చేస్తే వచ్చిందేనని ఆమె అనుమానం.

ఒక మధ్యాహ్నం నేను స్నానం చేసి వచ్చేసరికి సంచి విప్పి ఉంది. వీధి తలుపుకు గడియ వేసి ఉంది. అవ్వ నేల మీద కూర్చుని, తొడ ఎముకను ఒళ్లో పెట్టుకుంది. ఇప్పుడీమె అరుస్తుంది, పక్కింటివాళ్లు పరిగెత్తుకొస్తారు, ఎముకలన్నీ ఊరి బయటి వంకలో కాలి బూడిదైపోతాయి, నా పరీక్ష గంగలో కలుస్తుంది అనుకున్నాను.

అరవలేదు. "ఎవరివే ఇవి?" అంది.

"ఆడమనిషివవ్వా. నడుము దగ్గరి ఎముక వెడల్పును బట్టి చెప్పొచ్చు."

"పేరు?"

"తెలీదు."

"యా ఊరు?"

"ఎవరికీ తెలీదవ్వా."

నమ్మితేగా! పోలీసులా మళ్లీ మళ్లీ అవే అడిగింది. మాట మళ్లించడానికి, ముందువైపు అణిగిపోయిన వెన్నుపూసను ఒకదాన్ని తీసి ఆమె అరచేతిలో పెట్టాను. వయసు మళ్లిన ఆడవాళ్లకు ఎముకలు లోపల గుల్లబారతాయని, గుల్లబారిన పూస ముందువైపు నలిగితే వీపు వంగిపోతుందని చెప్పాను. "నీ గూని కూడా ఇట్లా వచ్చిందే. ఎవరూ ఏమీ చేయలేదు" అన్నాను. అవ్వ ఆ పూసను పక్కన పెట్టేసింది. పుర్రెను, చేతి ఎముకలను ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఈమెకు బొల్లి ఉండెనా?"

"అది తోలుకు వచ్చేదవ్వా. ఎముకకు అంటదు. ఎముకను చూసి ఎవరూ చెప్పలేరు."

"మీ పెద్ద డాక్టరు కూడానా?"

"ఆయన కూడా."

ఎముకలను ఒక్కొక్కటే సంచిలో సర్దింది. తర్వాత, "ఈటిని ఆడ యాడ పెడతారు?" అంది.

"మా చేతుల్లో లేనప్పుడు కాలేజీ బీరువాలో. తాళం వేసి."

"ఎవరూ తవ్వరా?"

"బీరువాను ఎవరు తవ్వుతారవ్వా!" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"అట్లయితే నన్ను ఆడికే ఇచ్చేయండి."

సాయంత్రం నాయన చేను నుంచి రాగానే అదే మాట చెప్పింది. నాయన నా మీద విరుచుకుపడ్డాడు. చదువు పేరు చెప్పి నా తల్లిని కోయిస్తావా అని చెయ్యెత్తాడు. అవ్వ అడ్డం వచ్చింది.

"కోస్తే నాకు నొప్పి తెల్దు లేరా. తవ్వితేనే నొప్పి."

నాయన ఎత్తిన చెయ్యి దించి, సరేనని తల ఊపాడు. నాకు ఏడుపు ఆగలేదు.

రెండువేల సంవత్సరం దాటాక అవ్వ టౌను ఆస్పత్రిలో పోయింది. నాయన మాట తప్పలేదు. ఆమెను కాలేజీకి అప్పగించి వచ్చి, దహనం అక్కడే అయిపోయిందని ఊళ్లో చెప్పాడు. ఊరు నమ్మలేదు. బొల్లి మనిషిని తెచ్చి గుట్టుగా చేనులో పూడ్చుకున్నాడని గుసగుసలు పోయింది. మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. ఒక పొద్దున పెద్దమనుషులు కొందరు గడ్డపారలు, చలికెపారలు పట్టుకుని మా చేను గట్టు మీదికి వచ్చారు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

"మీయమ్మను యాడ పెట్టినావో చెప్పప్పా. ఊరి కోసరం అడుగుతాండాము."

విత్తనం పడని ఆ ఎర్రనేలను నాయన ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చెయ్యి చాపి చూపించాడు.

"యాడన్నా తవ్వుకోండప్పా. ఎట్లాగూ దున్నాల్సిన చేనే."